9 కంటే 10 ముందెందుకు?

ప్రశ్న: మార్కుల జాబితాని జావాస్క్రిప్ట్‌లో సార్ట్ చేస్తే 100, 35, 8, 92 అని వస్తోంది. ఎక్కడో చూసి, ‘ఏ అనేది బీ కంటే పెద్దదా?’ అని ట్రూ, ఫాల్స్ ఇచ్చే చిన్న ఫంక్షన్ కలిపాను. ఇప్పుడు జాబితా కదలడమే లేదు. ఇదే ఫంక్షన్ ఒకప్పుడు పనిచేసేదని మా సీనియర్ అంటున్నారు. పైథాన్‌లో ఈ గొడవే లేదు. ఇది బగ్గా?

జవాబు: బగ్ కాదండీ, ఆ భాష నిబంధనే అది. ఎలా పోల్చాలో మీరు చెప్పకపోతే, సార్ట్ ప్రతి విలువనీ స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరసగా, మార్చుకుని నిఘంటువులో మాటలు పేర్చినట్టు పేరుస్తుంది. 100లో మొదటిది ‘1’, 8లో మొదటిది ‘8’. తేడా అక్కడే తేలిపోయింది కాబట్టి వెనకున్న సున్నాల జోలికే పోదు. అందుకే 10 కూడా 9 కంటే ముందుంటుంది. పైథాన్ 3 సంఖ్యల్ని సంఖ్యలుగానే పోలుస్తుంది, మధ్యలో స్ట్రింగ్ తగిలితే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. నాకు ఆ మొండితనమే ఇష్టం. చప్పుడు చేయకుండా తప్పు జవాబిచ్చే ప్రోగ్రామ్‌తో వేగడం కష్టం.

ఇక మీ ఫంక్షన్ సంగతి. సార్ట్ అడిగేది అవును, కాదు అని కాదు. పోల్చే రెండు విలువల్లో ‘ఏ’ ముందుండాలంటే మైనస్ సంఖ్య, ‘బీ’ ముందుండాలంటే ప్లస్ సంఖ్య, సమానమైతే సున్నా ఇవ్వాలి. ట్రూ అంటే 1, ఫాల్స్ అంటే 0. మైనస్ ఎప్పటికీ రాదు. మీ సీనియర్ చెప్పిందీ నిజమే. క్రోమ్ బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్‌ని నడిపే వీ8 ఇంజన్ అప్పట్లో 10 లేదా అంతకంటే తక్కువ విలువలుంటే ఇన్సర్షన్ సార్ట్ (ఒక్కో విలువనీ తీసి దాని చోట్లో దూర్చే పద్ధతి) వాడేది. అందులో ప్లస్ వస్తే చాలు, పని జరిగిపోయేది. 2018లో క్రోమ్ 70తో టిమ్‌సార్ట్ అనే వేరే పద్ధతి వచ్చింది. అది వరసగా పక్కపక్క విలువల్ని పోల్చి చూస్తుంది. ఎక్కడా మైనస్ రాకపోతే ‘అంతా క్రమంలోనే ఉంది’ అనుకుని జాబితాని ఉన్నదున్నట్టు వదిలేస్తుంది. పాపం, దాని తప్పేం లేదు. ‘ఏ మైనస్ బీ’ ఇవ్వండి, టెన్షన్ తీరిపోతుంది. పెద్ద మార్కులు పైన కావాలంటే ‘బీ మైనస్ ఏ’.

మార్కుల జాబితా అన్నారు కాబట్టి ఇంకో మాట. పరీక్ష రాయనివాళ్లకి నల్ (‘విలువ లేదు’ అనే గుర్తు) పెట్టారనుకోండి, తీసివేతలో అది సున్నా అయిపోయి, నిజంగా సున్నా తెచ్చుకున్నవాళ్ల పక్కన కూర్చుంటుంది. అన్‌డిఫైన్డ్ (‘విలువ ఇంకా ఇవ్వలేదు’ అనే గుర్తు) పెడితే మాత్రం మీ ఫంక్షన్‌ని అడక్కుండానే చివరికి వెళ్తుంది, మీరు ఏ క్రమం అడిగినా సరే. అలాంటివాళ్లని ముందే ఫిల్టర్ చేసి పక్కన పెట్టుకోవడం మేలు.

సార్ట్ కొత్త జాబితా ఇవ్వదు, అసలు అర్రేనే (అంటే మీ జాబితానే) మార్చేస్తుంది. పేరుకి వేరే విలువ ఇవ్వనివ్వని కాన్‌స్ట్ రాసినా, అది దీన్ని ఆపదు. రోల్ నంబర్ల వరస మళ్లీ కావాలంటే 2023 జావాస్క్రిప్ట్ ప్రమాణంలో చేరిన, కొత్త జాబితా ఇచ్చే టూసార్టెడ్ వాడండి. పాత బ్రౌజర్లు కూడా చూసుకోవాలంటే, ముందు స్లైస్‌తో కాపీ తీసి దాన్ని సార్ట్ చేయండి.