ఫ్రిజ్ పక్కలు కాలుతున్నాయంటే గ్యాస్ అయిపోయినట్లేనా?

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. మా రెండు తలుపుల ఫ్రిజ్ కొని ఆరేళ్లయింది. ఉగాదికి ముందు వంటగదిలో కొత్తగా అలమరలు చేయించి, ఫ్రిజ్‌ను వాటి మధ్య సరిగ్గా పట్టేటట్లు అమర్చాము. ఎండలు ముదిరినప్పటి నుంచి దాని రెండు పక్కలూ చెయ్యి ఆనించలేనంతగా కాలుతున్నాయి. మధ్యాహ్నం పూట వెనుక నుంచి 'టిక్'మని శబ్దం వచ్చి మోటారు ఆగిపోతోంది. కొంతసేపటికి మళ్లీ దానంతట అదే తిరుగుతోంది. పాలు సాయంత్రానికే విరిగిపోతున్నాయి. మెకానిక్ వచ్చి, పక్కన చెయ్యి పెట్టి చూసి, గ్యాస్ అయిపోయింది, నింపాలన్నాడు. నింపించమంటారా, కొత్తది కొనుక్కోమంటారా?
— ఒక గృహిణి, విజయవాడ

జవాబు: ప్రస్తుతానికి రెండూ వద్దు. గ్యాస్ ఉన్నదనడానికి సాక్ష్యం మీ ఉత్తరంలోనే ఉంది. ఫ్రిజ్ చల్లదనాన్ని పుట్టించదు, లోపలి పదార్థాల్లో ఉన్న వేడిని లాగి బయట పారబోస్తుంది. కంప్రెసర్ (మీరు మోటారు అన్నది దీన్నే) ఒత్తిడి పెంచి పంపిన వేడి వాయువు కండెన్సర్ గొట్టాల్లో తన వేడిని గదిలోని గాలికి వదిలి ద్రవంగా మారుతుంది, ఆ ద్రవమే లోపలి గొట్టాల్లోకి చేరి మళ్లీ ఆవిరవుతూ అక్కడి వేడిని పీల్చుకుంటుంది. పాత ఫ్రిజ్‌లలో ఈ కండెన్సర్ వెనుకవైపు నల్లటి జాలీలాగా కనబడేది. ఇప్పటి వాటిలో చాలావాటికి దాన్ని పక్కల రేకుల లోపలే అమర్చి కనబడకుండా చేశారు. కాబట్టి పక్కలు వేడెక్కుతున్నాయంటే వాయువు తిరుగుతోందనీ, లోపలి వేడి బయటికి వస్తోందనీ అర్థం. రెండు తలుపుల మధ్య పట్టీ గోరువెచ్చగా ఉండటం కూడా అటువంటిదే, మన ఉక్కపోతకు అక్కడ చెమ్మ పట్టకుండా కావాలనే చేసిన ఏర్పాటు. గ్యాస్ నిజంగా కారిపోయిన ఫ్రిజ్‌లో మోటారు ఆగకుండా తిరుగుతున్నా పక్కలు చల్లగానే ఉండిపోతాయి. చెయ్యి కాలినందుకు గ్యాస్ అయిపోయిందని చెప్పిన మెకానిక్ లెక్కను తలకిందులుగా చదివాడు.

అయితే ఆ 'టిక్' శబ్దాన్ని మాత్రం తేలికగా తీసుకోకూడదు. కంప్రెసర్‌కు ఓవర్‌లోడ్ అనే చిన్న రక్షణ పరికరం తగిలించి ఉంటుంది. కంప్రెసర్ ఒళ్లు మితిమీరి వేడెక్కినా, అది లాగే కరెంటు హద్దు దాటినా, ఆ పరికరం సరఫరాను తెంచి, చల్లబడ్డాక మళ్లీ కలుపుతుంది. ఆ విరామాల్లో లోపల చల్లబరిచే పని సాగదు, పాలు విరగడానికి కారణం అదే. అంత వేడి ఎందుకు నిలిచిపోతోందన్నదే మనం తేల్చుకోవలసిన విషయం. మీరు చెప్పిన క్రమాన్ని బట్టి నా మొదటి అనుమానం కొత్త అలమరల మీదకే పోతుంది.

కండెన్సర్ తన వేడిని వదలాలంటే అది చుట్టూ ఉన్న గాలికన్నా పది, పదిహేను డిగ్రీలైనా ఎక్కువ వేడిగా ఉండాలి. గది 30 డిగ్రీల్లో ఉన్నప్పుడు పక్కలు గోరువెచ్చగా తోచేది అందుకే. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయనే మన ఊళ్లలో, పొయ్యి వెలిగించిన వంటగదిలో, రెండు చెక్కల నడుమ బిగించిన సందులో గాలి ఎంత వేడెక్కుతుందో మీకు చెప్పనక్కరలేదు. ఫ్రిజ్ లోపలి గోడ మీద ఉండే స్టిక్కర్‌లో 'టి' అని ఉంటే 43 డిగ్రీల వరకు, 'ఎస్‌టి' అని ఉంటే 38 వరకు, 'ఎన్' అని ఉంటే 32 వరకు పరిసరాల వేడిని తట్టుకునేలా దాన్ని తయారుచేశారని అర్థం. విజయవాడలో మే నెలలో బయటే 44, 45 డిగ్రీలు కాసే రోజులుంటాయి కనుక, గాలి ఆడని సందులో ఎంత మంచి ఫ్రిజ్ అయినా ఆ హద్దు దాటిపోతుంది.

పరీక్ష సులువైనదే. ఫ్రిజ్‌ను ఆపి, హాల్లోకి జరిపి, ఎక్స్‌టెన్షన్ బోర్డు లేకుండా నేరుగా గోడ ప్లగ్గుకు తగిలించండి. ఐదు పది నిమిషాలు ఆగి, గొట్టాల్లోని ఒత్తిడి సమమయ్యాక స్విచ్ వేయండి. పైన కప్పిన అల్లిక గుడ్డనూ, ఏళ్ల తరబడి అక్కడే కాపురమున్న డబ్బాలనూ తీసేయండి. ఒకటి రెండు మధ్యాహ్నాలు 'టిక్' వినబడకపోతే దోషం వడ్రంగి పనిదే. అప్పుడు వెనుక పది సెంటీమీటర్లు, పక్కలకు కనీసం ఐదు, పైన అంతకన్నా ఎక్కువ ఖాళీ వదలాలి (మీ ఫ్రిజ్ పుస్తకంలో వేరే కొలతలుంటే వాటినే పాటించండి). అలమర అడుగున, పైన గాలికి దారి తెరిపించాలి. కిందినుంచి చల్లగాలి రాకపోతే పైన ఎంత పెద్ద కిటికీ కోయించినా ప్రయోజనం ఉండదు.

హాల్లో కూడా ఆగుతూనే ఉంటే అప్పుడు మెకానిక్‌ను పిలవాలి, కానీ గ్యాస్ కోసం కాదు. వెనుక కింది మూత తీయించి, కంప్రెసర్ చుట్టూ దుమ్ము, బొద్దింకల గూళ్లు ఉంటే శుభ్రం చేయించండి. అక్కడ చిన్న ఫ్యాన్ ఉన్న మోడల్ అయితే అది తిరుగుతున్నదో లేదో చూడమనండి. తరువాత కంప్రెసర్ మొదలయ్యేందుకు ఊతమిచ్చే చిన్న ముక్క, స్టార్టింగ్ రిలేను ఊడదీసి చెవి దగ్గర ఆడించి చూడమనండి. లోపల గలగలమంటే దాని బిళ్ల పగిలినట్లే. తక్కువ ఖర్చుతో మారిపోయే ఈ ముక్కను చూడకుండానే కంప్రెసర్ పోయిందని తేల్చేసేవారు ఉన్నారు. మోటారు అందుకునే క్షణంలో ప్లగ్గు దగ్గర వోల్టేజీ ఎంతకు పడిపోతున్నదో మీటరు పెట్టించి చూడటం కూడా మరవకండి. వీధిలోని ఏసీలన్నీ ఒకేసారి తిరిగే వేళల్లో అది 230 వోల్టుల నుంచి బాగా దిగజారి, మోటారు అందుకోలేక, ఓవర్‌లోడ్ తెగే అవకాశం ఉంది. మాడిన వాసన వస్తే మాత్రం ప్లగ్గు తీసేసి ఊరుకోండి.

గ్యాస్ గురించి ఒక్క మాట. అతుకులు వేసి మూసిన గొట్టాల్లో తిరిగే ఆ వాయువు వాడకంతో అరిగిపోదు, తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడినట్లే. ఆ చిల్లును వెతికి మూయకుండా, గొట్టాల్లోని గాలిని వ్యాక్యూమ్ పంపుతో లాగకుండా, కొలత చూడకుండా 'కొంచెం నింపేస్తాను' అనేవారిని పంపించివేయండి. కంప్రెసర్ మీది కాగితంలో 'ఆర్600ఎ' అని ఉంటే అది ఐసోబ్యూటేన్, మండే వాయువు. దాని పని తెలిసినవారే ముట్టుకోవాలి. వారంటీ కార్డు కూడా ఒకసారి తీసి చూడండి, కంప్రెసర్‌కు పదేళ్ల హామీ ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి.

ఈలోగా, ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు దాటి రెండు గంటలకు మించి ఉన్న కూరలను, మాంసాన్ని వాసన చూసి నిర్ణయించవద్దు, పారేయండి.

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మాది పాత ఒంటి తలుపు ఫ్రిజ్. వెనుక జాలీ బాగా వేడెక్కుతోందని మధ్యాహ్నం దాని మీద తడిగుడ్డ కప్పుతున్నాము. ఇది సరైనదేనా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వెంటనే మానండి. గుడ్డ తడిగా ఉంటే కింది కరెంటు తీగల మీదకు నీరు కారవచ్చు, జాలీ తుప్పు పడుతుంది. ఆరితే అదే గుడ్డ గాలికి అడ్డం. ప్లగ్గు తీసి, మెత్తటి బ్రష్షుతో జాలీ దుమ్ము దులిపి, గోడకు కొంచెం దూరంగా జరపండి. అవసరమైతే పక్కనుంచి టేబుల్ ఫ్యాన్ గాలి తగలనివ్వండి, అందులో తప్పు లేదు. ఒంటి తలుపు ఫ్రిజ్‌లో ఐస్ గడ్డ వేలి మందాన పేరుకుంటే అది చలిని లోపలికి రానివ్వక మోటారును అదేపనిగా తిప్పుతుంది, దాంతో జాలీ మరింత కాలుతుంది. రాత్రి సామాన్లు తీసి డీఫ్రాస్ట్ మీట నొక్కి, గడ్డ దానంతట అదే కరిగేదాకా ఆగండి. చాకుతో మాత్రం గోకవద్దు, పలుచని అల్యూమినియం రేకుకు గాటు పడితే అప్పుడు గ్యాస్ నిజంగానే పోతుంది.