నాన్న ఇల్లు తాకట్టు పెడతానంటున్నారు, పీహెచ్‌డీకి వెళ్లనా?

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. నాన్నది ఇంటి దగ్గరే అప్పడాల వ్యాపారం. నాకు 28 ఏళ్లు. వెయిట్‌లిఫ్టింగ్‌లో రాష్ట్ర స్థాయి దాకా ఆడి, మోకాలి దెబ్బతో ఆపేశాను. ఎంపీఈడీ (వ్యాయామ విద్యలో పీజీ) చేసి ప్రైవేటు స్కూల్లో పీఈటీగా పనిచేస్తున్నాను, జీతం 22,000. ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీలో, అంటే వ్యాయామం చేసేటప్పుడు శరీరం ఎలా పనిచేస్తుందో చెప్పే శాస్త్రంలో, పీహెచ్‌డీ చేయాలని ఉంది. అమెరికాలో ఒక యూనివర్సిటీ సీటు ఇచ్చింది కానీ మొదటి ఏడాది ఫండింగ్ లేదు, ఖర్చు 28 లక్షలు. రెండో ఏడాది నుంచి అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలో పనిచేసినందుకు ఇచ్చే ఫీజు మాఫీ, స్టైపెండ్) వస్తుందని కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. లోన్ కోసం నాన్న ఇల్లు తాకట్టు పెడతానంటున్నారు. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవారికి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) కొద్దిలో పోయింది, అసిస్టెంట్ ప్రొఫెసర్, పీహెచ్‌డీ ప్రవేశ అర్హత వచ్చాయి. నా పేరున 2 లక్షల 40 వేల ఎఫ్‌డీ, అమ్మకు 8 తులాల బంగారం ఉన్నాయి. తమ్ముడు డిగ్రీ రెండో ఏడాది. వయసు దాటిపోతోందని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ఇంటి కాగితాలు బీరువాలోంచి తీయవద్దని ముందు నాన్నగారికి చెప్పండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మీ కోరిక చదివి నాకు చాలా సంతోషమేసింది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచిన కె. రవికుమార్ గారిది మీ ఊరే. అలాంటి ఊళ్లో బరువులెత్తి పెరిగిన అమ్మాయి, ఆ బరువు కింద కండరంలో ఏం జరుగుతుందో పరిశోధిస్తానంటే వద్దనే మనిషిని కాను. మీరు పీహెచ్‌డీ చేయాలి. కాకపోతే మీ డబ్బుతో కాదు.

28 లక్షలకు 11 శాతం వడ్డీ అనుకుందాం. చదువుకునే ఐదేళ్లు, ఆపైన ఇచ్చే ఒక ఏడాది గడువు కలిపితే మామూలు వడ్డీ లెక్కనే 18 లక్షల 48 వేలు. కిస్తీలు మొదలయ్యేనాటికి బాకీ 46 లక్షలు దాటుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 64,000. ఇదంతా రెండో ఏడాది నుంచి అసిస్టెంట్‌షిప్ నిజంగా వస్తేనే. రాకపోతే ఇంకో 28 లక్షలు ఎక్కడి నుంచి తెస్తారు? స్టూడెంట్ వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి, అదీ క్యాంపస్‌లో తప్ప, పని చేయడానికి వీల్లేదు. ఆ సంపాదనతో ఫీజు కట్టలేరు.

నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు పీహెచ్‌డీని కూడా ఎంఎస్ లాగే ఫీజు కట్టి చదివే చదువు అనుకుంటారు. అది దాదాపు ఉద్యోగం లాంటిది. అమెరికాలో ఈ రంగంలో పీహెచ్‌డీ విద్యార్థి డిగ్రీ పిల్లలకు అనాటమీ, ఫిజియాలజీ ల్యాబులు చెబుతాడు, ప్రొఫెసర్ పరిశోధనలో పనిచేస్తాడు. అందుకు బదులుగా ట్యూషన్ మాఫీ, నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. సీటు ఇచ్చి డబ్బు ఇవ్వలేదంటే, మీ కోసం కేటాయించిన పని ఇంకా అక్కడ లేదని అర్థం. కన్సల్టెన్సీ మాట ఆ యూనివర్సిటీ ఇచ్చిన హామీ కాదు. మీ ఆఫర్ లెటర్‌లో ఆ వాక్యం ఉందో లేదో ఈ రాత్రే చూడండి.

ఇక మన దేశం సంగతి. జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత మూడేళ్లు 42,000. ఐదేళ్లకు మొత్తం 24 లక్షలు. హాస్టల్ దొరకకపోతే ఇంటి అద్దె అలవెన్స్ అదనం. ఇప్పుడు మీ జీతం కంటే ఇది ఎక్కువే కదా! వయసు గురించి టెన్షన్ వద్దు. జేఆర్ఎఫ్‌కు పరిమితి 30 ఏళ్లు, మహిళలకు మరో ఐదేళ్ల సడలింపు ఉంది. నెట్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. ఫిజికల్ ఎడ్యుకేషన్ సిలబస్‌లో ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ ఎలాగూ ఉంది, అంటే మీ ఇష్టమే మీకు మార్కులు తెస్తుంది. ఇంకో ఏడాది కూర్చుని రాయండి. పీహెచ్‌డీ ప్రవేశానికి ఇప్పటి మీ స్కోరు ఒక్క ఏడాదే చెల్లుతుంది, కానీ అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత ఎక్కడికీ పోదు. ఈలోగా కాలేజీ పోస్టులకూ దరఖాస్తు పెట్టండి, ఆ స్కేలు 57,700తో మొదలవుతుంది.

ఇచ్ఛాపురం దాటితే తెలుగు రాష్ట్రమే అయినా, మీ నివాస ధ్రువపత్రం ఒడిశాది. ఆంధ్ర ప్రభుత్వ విద్యా పథకాలు మీకు వర్తించవు. మన సరిహద్దు పిల్లలు అక్కడే ఆశపడి సమయం పోగొట్టుకుంటారు, అందుకే చెబుతున్నాను.

ఫెలోషిప్ డబ్బు ఒకటో తారీఖున రాదు. ప్రతి నెలా యూనివర్సిటీ నుంచి కన్ఫర్మేషన్ వెళ్లాలి, ఒక్కోసారి నెలల తరబడి ఆగుతుంది. మా అక్కయ్య పరిశోధన చేసేటప్పుడు ఇలాగే ఆగితే మెస్ బిల్లుకు చేతి గాజు అమ్ముకుంది. ఆ రోజు నేను దగ్గరే ఉన్నాను, ఇప్పటికీ మర్చిపోలేను. అందుకే మీ ఎఫ్‌డీని కదపొద్దు. ఆరు నెలల ఖర్చుకు అదే ఆధారం. అమ్మ బంగారం జోలికీ వెళ్లకండి.

ఎక్కడ చేరాలి అన్నది కూడా డబ్బు ప్రశ్నే. గ్వాలియర్‌లోని లక్ష్మీబాయి జాతీయ శారీరక విద్యా సంస్థ, చెన్నైలోని తమిళనాడు ఫిజికల్ ఎడ్యుకేషన్ అండ్ స్పోర్ట్స్ యూనివర్సిటీ ఈ రంగంలో చూడదగినవి. బరంపురం నుంచి చెన్నైకి నేరుగా రైలుంది. ఎక్కడికెళ్లినా చేరే ముందు ల్యాబ్‌లో అడుగుపెట్టి చూడండి. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తే మనిషి పీల్చే ఆక్సిజన్‌ను కొలిచే మెటబాలిక్ కార్ట్ పనిచేస్తోందా? రక్తంలో లాక్టేట్ (కండరాలు బాగా శ్రమించినప్పుడు పెరిగే పదార్థం) చూసే స్ట్రిప్‌లు ల్యాబ్ కొంటుందా, విద్యార్థి కొనాలా? ఒక స్ట్రిప్ ఒక్కసారికే పనికొస్తుంది. ఒక్కో ఆటగాడికి ఒక్కో పరీక్షలో ఐదారు పోతాయి. పరీక్షకు వచ్చే లిఫ్టర్లకు దారి ఖర్చులు ఎవరిస్తారు? మెషీన్ పాడై ఏడాది ఆలస్యమైతే పోయేది ఏడాది జీతం. ఫెలోషిప్ ఐదేళ్లకు ఆగిపోతుంది. పీహెచ్‌డీకి ఆరేళ్లు, మహిళలకు మరో రెండేళ్లు గడువు ఇస్తారు, కానీ ఆ అదనపు ఏళ్లకు జేబులోంచే పెట్టుకోవాలి. గైడ్ దగ్గర ఇప్పటికే చేస్తున్న ఇద్దరు ముగ్గురితో విడిగా మాట్లాడితే నిజం తెలుస్తుంది.

ఇంట్లో చేయాల్సినవి రెండే. నాన్నగారికి, అమ్మకు ఆరోగ్య బీమా ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే మీరు ఊరు వదిలేలోపే తీసుకోండి. తమ్ముడి ఫీజుకు మీ జీతంలోంచి నెలకు 4,000 చొప్పున ఇప్పటి నుంచే ఆర్‌డీ వేయండి.

అమెరికా కల వదులుకోమనడం లేదు. ఆ యూనివర్సిటీకి కన్సల్టెన్సీ ద్వారా కాకుండా మీరే మెయిల్ రాయండి. ప్రవేశాన్ని వచ్చే ఏడాదికి వాయిదా వేస్తారా, అప్పుడు అసిస్టెంట్‌షిప్ ఎన్నేళ్లకు రాతపూర్వకంగా ఇస్తారు, ట్యూషన్ మొత్తం మాఫీనా, స్టైపెండ్ 9 నెలలకా 12 నెలలకా, ఆరోగ్య బీమా ఎవరు కడతారు అని అడగండి. ఆ జవాబు వచ్చాక, దాన్ని కూడా జత చేసి నాకు మళ్లీ రాయండి.