ఆరు నెలల బాబుకి ట్యూబరస్ స్క్లెరోసిస్ అనుమానం అంటున్నారు, ఫిట్స్ తప్పవా?

తప్పించుకునేవాళ్లు ఉన్నారు కానీ తక్కువమంది. ఒంట్లో పలుచోట్ల గడ్డలు పెరిగే ఈ జన్యు జబ్బున్న 100 మందిలో 80 మందికి పైగానే ఫిట్స్ వస్తాయి, చాలామందికి మొదటి ఏడాదిలోనే. ఆ సంగతి అలా ఉంచండి. "నిద్ర లేవగానే తల వంచి చేతులు చాపుతున్నాడు, గ్యాసేమో, సోమవారం దాకా చూస్తాం" అని ప్రశ్న కింద మీరు రాశారు చూడండి, అది చదివే ఈ జవాబు రాస్తున్నాను. సోమవారం దాకా ఆగకండి.

మాది నరసన్నపేట దగ్గర. మా పాపకీ సరిగ్గా ఆ వయసులోనే మొదలైంది. పొద్దున్నే ఉయ్యాల్లో కళ్లు తెరిచేది. తల ఒక్కసారిగా ముందుకు వాలేది, రెండు చేతులూ లేచి బిగుసుకునేవి, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకునేవి. రెండు సెకన్లు. వదిలేసేది. మళ్లీ అదే. అలా వరసగా వచ్చి ఆగాక గుక్కపెట్టి ఏడ్చేది. "గుంట ఉలిక్కిపడుతోందిరా, పొట్టలో గాలి చేరుంటుంది" అని మా అమ్మ వాము నీళ్లు పట్టింది. ఊళ్లో డాక్టరూ గ్యాస్ చుక్కలే రాశాడు. ఆయన ముందు పిల్ల నవ్వుతూ కూర్చునేది మరి, ఏం కనబడుతుంది?

చివరికి మా బావమరిది ఫోన్‌లో వీడియో తీశాడు. వైజాగ్‌లో పిల్లల న్యూరాలజిస్టు అది పూర్తిగా కూడా చూడకుండానే గౌను విప్పమన్నారు. లైట్లు ఆపించి, ఊదారంగులో వెలిగే చిన్న లైటు పాప వీపు మీద పట్టారు. పగలు లీలగా కనిపించే తెల్ల మచ్చలు ఆకుల్లా తెల్లగా మెరిశాయి. తొడ మీద మేం ఎన్నడూ చూడనివీ బయటపడ్డాయి. అవి ఈ జబ్బు గుర్తులట. బొల్లి అనుకుని మా అమ్మ అప్పటికే అరసవల్లి సూర్యనారాయణస్వామికి మొక్కుకుని ఉంది. మొక్కు తీర్చాం కూడా, దానికి నేను అడ్డు చెప్పను.

ఈఈజీ (మెదడులో కరెంటు తరంగాల పరీక్ష) తీశాక ఇన్‌ఫంటైల్ స్పాజమ్స్ అన్నారు, అంటే పసిపిల్లలకి వచ్చే ఒకరకం ఫిట్స్. ఎమ్మారైలో మెదడులో గడ్డలు కనబడ్డాయి. నన్నడిగితే ఈ జబ్బులో ఫోన్ వీడియోకున్న విలువ ఏ స్కానింగ్‌కీ లేదు. డాక్టర్లు ఒప్పుకోరేమో, నాకు పర్లేదు.

ఈ స్పాజమ్స్‌కి సాధారణంగా ముందు మొదలుపెట్టేది విగాబాట్రిన్. పాపకి అది బాగా పనిచేసింది. కాకపోతే పక్కచూపు తగ్గే ప్రమాదం ఉంది, కళ్ల పరీక్షలు చేయిస్తూ ఉండాలి. ఇక ఆ మందు దొరకడం! శ్రీకాకుళంలో ఏ షాపుకెళ్లినా "ఆర్డర్ పెడితే ఎల్లుండి వస్తుందండి" అనేవారు. ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆపకూడదని వాళ్లకి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. డబ్బా సగానికి రాకముందే తెప్పించుకోండి.

ఇంకో తలనొప్పి చుట్టాలు. "ఎవరి వైపు నుంచి వచ్చింది?" అని మా ఆవిణ్ణి వంటింట్లో నిలదీశారు. ఈ జబ్బు టీఎస్సీ1 గానీ టీఎస్సీ2 గానీ, ఒక జన్యువు పాడై వస్తుంది. కణాలు ఇష్టమొచ్చినట్టు పెరగకుండా ఆపే బ్రేకులవి. ఈ జబ్బున్న ముగ్గురు పిల్లల్లో ఇద్దరికి అది కొత్తగా పాడైందే, అమ్మానాన్నల్లో ఎవరి నుంచీ వచ్చింది కాదు. మిగతా సందర్భాల్లో అమ్మకో నాన్నకో ఉంటుంది. అందుకని మీరిద్దరూ కూడా ఒకసారి చూపించుకోండి. మొహం మీద మొటిమల్లాంటివి ఏళ్ల తరబడి పోకుండా ఉన్నా డాక్టరుకి చెప్పండి.

బాబు గుండె, కిడ్నీలు కూడా స్కాన్ చేయిస్తారు, కంగారుపడకండి. పసిపిల్లల గుండెలో కనబడే గడ్డలు చాలావరకు వాటంతటవే కరిగిపోతాయి. కిడ్నీలని మాత్రం పెద్దయ్యాక కూడా చూపిస్తూ ఉండాలి.

మా పాప ఇప్పుడు బడికెళ్తోంది. మాటలు ఆలస్యంగా వచ్చాయి, లెక్కలకి పక్కన ఒకరు కూర్చోవాలి. అప్పుడప్పుడు ఫిట్స్ వస్తాయి. వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు తాళాలగుత్తి పట్టుకుని పరిగెత్తుకొస్తారు, చేతిలో ఇనుము పెట్టాలట! మీ ఇంట్లో అందరికీ ఇప్పుడే చెప్పి ఉంచండి: పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి.