మబ్బుకూ పెళ్ళికీ ముడిపెట్టే ముందు

అమ్మాయీ,

లాటిన్ ముసుగు మాటల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. రోమన్ పెళ్ళికూతురు కప్పుకునే మంటరంగు ముసుగు 'ఫ్లామ్మేయుమ్' పేరా బాగుంది. కానీ మూడో పేజీలో, రాతకు వాడే వెల్లమ్ తోలుకు ఆ పేరు 'వేలుమ్' (ముసుగు, తెర) నుంచి వచ్చిందని తేల్చేశావు. అక్కడే నాకు ఒళ్ళు మండింది. వెల్లమ్ అంటే దూడతోలు. లాటిన్లో దూడ 'వితులుస్', ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వెళ్ళిన మాట అది. చెవికి ఒకేలా వినబడినంత మాత్రాన మాటలు చుట్టాలైపోవు తల్లీ.

'నూబెరె' (ఆడపిల్ల పెళ్ళి చేసుకోవడం) విషయంలోనూ అదే తొందర. మబ్బును 'నూబేస్' అంటారు కాబట్టి పెళ్ళంటే మబ్బులా కప్పుకోవడమే అనేశావు. రోమన్ పండితుడు వర్రో (క్రీ.పూ. 116–27) కూడా, మబ్బు ఆకాశాన్ని కప్పినట్టు సముద్రం నేలను కప్పుతుంది, అందుకే కప్పడం అనే మాట నుంచి సముద్రదేవుడు నెప్ట్యూన్ పేరు పుట్టిందన్నాడు. ఎంత అందంగా ఉందో! ఇప్పటి భాషావేత్తలు మాత్రం ఒప్పుకోరు. అయినా రాయి, వర్రో అలా అనుకున్నాడని రాయి. ఒక రోమన్ పండితుడు ముసుగునూ మబ్బునూ సముద్రాన్నీ ఒకే చూపులో చూశాడన్నది కూడా చరిత్రే కదా.

ఈ 'అనుకున్నాడు' దగ్గరే నేను దెబ్బతిన్నాను. లైబ్రరీలో లాటిన్ నిఘంటువు ఇంటికివ్వరు, ఆదివారాలు అక్కడే కూర్చుని నోటుబుక్కులోకి ఎక్కించుకుని నా మొదటి వ్యాసం రాశాను. ఎడిటర్ గారు పాఠకుడికి అనుమానాలెందుకని ప్రతి 'అనుకున్నాడు'నీ కొట్టేసి 'నిజం' చేసేశారు. వారం తిరక్కుండా ఒక మాస్టారి దగ్గర్నుంచి పోస్టుకార్డు: "బాబూ, ఇది మీకెవరు చెప్పారు?" ఎర్రసిరాతో, ఒకే వాక్యం. ఇప్పటికీ నా నిఘంటువులో ఉంది. పాఠకుడు అనుమానాన్ని భరించలేడని ఈ ఎడిటర్లకు ఎవరు చెప్పారో నాకు అర్థం కాదు!

మాటకు వేరు వెతికేముందు అది ఎవరి చేతుల్లో ఉందో చూడు. వేలుమ్ అంటే ఓడ తెరచాప కూడా, ఆంఫీథియేటర్లో జనానికి నీడనిచ్చే పందిరిగుడ్డ కూడా. రోమ్‌లో ఆ గుడ్డల్ని లాగింది నౌకాదళం వాళ్ళే. తాళ్ళు పట్టడం వాళ్ళకి కొత్తా? మనమూ తెర, తెరచాప అంటున్నాం, పీటల మీద వధూవరుల మధ్య అడ్డుతెర పడుతున్నాం. లాటిన్లో 'రెవేలారె' అంటే ఆ తెర తీయడమే, ఇంగ్లీషు 'రివీల్' అక్కణ్ణుంచే వచ్చింది. ఇది నీ వ్యాసంలో ఎక్కడా లేదు, ఆశ్చర్యం!

మూడో పేజీ తిరగరాసి పంపు. ఫ్లామ్మేయుమ్ పేరా మాత్రం ముట్టుకోకు.