హినాఇచిగో వేషం: గౌను కంటే ముందు తలమీది బో

చిన్నీ,

జపాన్ కథ ‘రోజెన్ మైడెన్’లో ప్రాణమున్న బొమ్మ హినాఇచిగో వేషానికి గుడ్డ ఎంత కొనాలని అడిగావు. నాలుగు మీటర్లు చాలు. కానీ కొట్టుకి వెళ్లేముందు ఒక పని చెయ్యి. 2004లో వచ్చిన టీవీ సీరీస్‌లో ఉన్న రూపమా, పీచ్-పిట్ జంట గీసిన మాంగాలో, అంటే బొమ్మల కథ పుస్తకంలో ఉన్నదా, ఏదో ఒకటి తేల్చుకో. గౌను ఒకచోట నుంచి, జుట్టు ఇంకోచోట నుంచి తీసుకుంటే ఎరిగినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. ముందు, పక్క, వెనక కనిపించే చోట్ల వీడియో ఆపి ఫోన్లో దాచుకో. వెనకవైపు దొరకడమే కష్టం, దానికోసం కాస్త ఓపిక పట్టు.

గుడ్డ లేత గులాబీ రంగు కాటన్ పాప్లిన్, 44 అంగుళాల పన్నాది తీసుకో. శాటిన్ వద్దు. ఫ్లాష్ పడితే మెరుస్తుంది, కుట్టు విప్పితే సూది రంధ్రాలు అలాగే ఉండిపోతాయి. మొదటిసారి కుట్టేవాళ్లు విప్పకుండా కుట్టరు కదా! తెచ్చిన వెంటనే తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పట్టు.

నడుము కుట్టు నీ అసలు నడుముకి రెండంగుళాలు పైకి రావాలి. అప్పుడు ఒళ్లు పొట్టిగా, స్కర్టు పెద్దగా కనిపించి బొమ్మ వాటం వస్తుంది. ఎక్కువమంది ఇది వదిలేసి మామూలు ఫ్రాకు కుట్టేస్తారు, అది పుట్టినరోజు గౌనులా ఉంటుంది. స్కర్టుకి 22 అంగుళాల పొడవున రెండు పూర్తి పన్నాలు తీసుకో. 28 నడుముకి మూడింతలు కుచ్చు వస్తుంది. కింద ఫ్రిల్లుకి 5 అంగుళాల వెడల్పున నాలుగు పన్నాల పట్టీలు కలుపు.

కుచ్చు పెట్టేటప్పుడు ఒక్క వరస కుట్టుతో లాగకు. పొడుగు కుట్టు పెట్టి, పైదారం టెన్షన్ తగ్గించి, పావంగుళం ఎడంతో రెండు వరసలు వెయ్యి. ముందుభాగానికీ వెనకభాగానికీ దారం విడివిడిగా ఉండాలి. నడుము పట్టీని, స్కర్టుని ఎనిమిదేసి భాగాలు చేసి, గుర్తుకి గుర్తు కలిపి గుండుసూదులు పెట్టాక కిందిదారం మెల్లగా లాగు. ఒకేదారంతో మొత్తం లాగితే సగంలో పుటుక్కుమంటుంది, మళ్లీ మొదటికి రావాలి.

లోపల ఉబ్బు కోసం వాడే క్యాన్‌క్యాన్ అనే గట్టి నెట్టుని గౌనుకే కుట్టకు. వేరే కాటన్ పెట్టీకోటు చేసి, దాని కింది సగానికే నెట్టు కుట్టు. నడుము దాకా తెస్తే పొట్ట లావుగా కనిపిస్తుంది. నెట్టు అంచు కాళ్లకి గీరుకోకుండా మోకాళ్ల దాకా తెల్ల బ్లూమర్, అంటే వదులు నిక్కరు ఒకటి వేసుకో.

ఇక బో, అంటే తలమీది రెండు రెక్కల గుడ్డ ముడి. ఈ వేషంలో అందరి కళ్లూ పడేదీ, మధ్యాహ్నానికల్లా వాలిపోయేదీ అదే. 14 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తు వచ్చేలా చెయ్యి. 29 అంగుళాల పొడవు, 15 వెడల్పు ముక్క కత్తిరించి, నిలువునా మడిచి గొట్టంలా కుట్టి తిరగెయ్యి. చాలామంది లోపల బక్రమ్ అనే గట్టి గుడ్డ పెడతారు. అది మడత దగ్గర విరిగి తెల్లగీతలా కనిపిస్తుంది. దానికి బదులు, కుట్టకముందే ఇస్త్రీపెట్టెతో అంటుకునే పల్చటి క్యాన్వాస్ అతికించి, తిరగేశాక పై అంచు లోపల 20 గేజి తీగ దూర్చు. తీగ కొసలు చుట్టి టేపు వెయ్యి, లేకపోతే గుడ్డని పొడుచుకుని బయటికొస్తాయి. గొట్టం రెండు కొసలూ వెనక కలిపి, మధ్యలో మూడంగుళాల పట్టీ బిగించు.

విగ్గుకి క్లిప్పులతో పెట్టావా, బరువుకి విగ్గే వెనక్కి జారుతుంది. అంగుళం వెడల్పున్న హెయిర్ బ్యాండుకి, ఒకటిన్నర అంగుళం ఎడంతో రెండుచోట్ల చేత్తో కుట్టు. ఒక్కచోటే కుడితే గాలిమరలా తిరుగుతుంది.

విగ్గు వేడి తట్టుకునేది కొను. రంగులో నారింజ ఛాయ ఉండకూడదు. ఉంగరాలకి వేలంత లావు గొట్టాలమీద పాయలు చుట్టి, మరగని వేడినీళ్లు పోసి, పూర్తిగా చల్లారి ఆరేదాకా ముట్టుకోకు. ముందు మెడ దగ్గరి ఒక్క పాయమీద చేసి చూడు. తర్వాత దువ్వెన పెట్టావంటే ఉంగరాలన్నీ పీచులైపోతాయి, వేళ్లతోనే సర్దు.

ఒంటి రంగు మార్చడానికి తెల్లపౌడర్లు పులమకు, బొమ్మతనం అందులో లేదు. మణికట్టు దగ్గర, వేళ్ల కణుపుల మీద సన్నటి గోధుమరంగు పెన్సిల్‌తో కీలు గీతలు గియ్యి, పైన పౌడర్ అద్దు. కింది కనురెప్ప లోపలి అంచున తెల్లపెన్సిల్ పెడితే కళ్లు పెద్దవిగా కనిపిస్తాయి. ఆకుపచ్చ లెన్సులు కావాలంటే కళ్ల డాక్టరుకి చూపించుకున్నాకే. ఇంకొకరివి అరువు తెచ్చుకోవడం మాత్రం అస్సలు వద్దు.

అభినయం సంగతి. ముద్దుముద్దుగా నత్తిమాటలు మాట్లాడితే హినాఇచిగో కాదు. కథలో రోజెన్ అనే అతను చేసిన బొమ్మల్లో ఆరోది, అయినా తీరు పసిపిల్లది. తనని తాను ‘హినా’ అనుకుంటుంది, వాక్యం చివర ‘నానో’ తగిలిస్తుంది, స్ట్రాబెర్రీ పెట్టిన దైఫుకు అనే జపాన్ బియ్యప్పిండి మిఠాయిని ‘ఉన్యూ’ అంటుంది. ఆ అల్లరి కింద ఒంటరిగా వదిలేస్తారన్న భయం ఉంది. ఫోటోకి నవ్వుతూనే పక్కవాళ్ల చొక్కా కొస గట్టిగా పట్టుకుని చూడు, ఆ భయం అందులో పలుకుతుంది. ఆమె కథలోని అబ్బాయి జున్ మీదికి ఎక్కేస్తుంది కదా అని నువ్వు ఎవరి భుజమూ ఎక్కకు తల్లీ! దైఫుకులా చేతిలో పట్టుకోవడానికి గాలికి ఆరే తెల్ల క్లే మట్టితో నాలుగు సెంటీమీటర్ల ఉండ చాలు. నిజం దైఫుకు గౌనుకి పిండి అంటిస్తుంది.

వారం ముందు అన్నీ వేసుకుని ఇంట్లో రెండు గంటలు తిరుగు. కూర్చో, మెట్లెక్కు, తల వంచి చెప్పులు తొడుక్కో. బో ఎక్కడ కదిలితే అక్కడ ఇంకో నాలుగు కుట్లు వెయ్యి. వెళ్లేరోజు దాన్ని తలకి పెట్టుకుని ఆటో ఎక్కకు, పైకప్పుకి తగులుతుంది. పదహారంగుళాల అట్టపెట్టెలో, రెండు రెక్కల్లోనూ పాత కాగితాలు కుక్కి పట్టుకెళ్లు. సూది, గులాబీ దారం, నాలుగు పిన్నీసులు అదే పెట్టెలో పడెయ్యి.

మీ పెద్దమ్మ