కావలి నుంచి సూపర్ కంప్యూటర్‌కి 60 జీబీ ఎట్టా పంపాలి?

ప్రశ్న: అన్నా, మాది కావలి పక్కన పల్లె, నాన్నకి రొయ్యల గుంటలు ఉన్నాయి. నేను పీహెచ్‌డీ, వనామి రొయ్య పేగులో ఉండే బ్యాక్టీరియా మీద. సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ చదవడం) చేసిన కంపెనీ లింకు పంపితే 60 జీబీ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకున్నా. ఇప్పుడు సూపర్ కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామని ఫైళ్లు పంపే ప్రోగ్రామ్ విన్‌ఎస్‌సీపీలో లాగి వదులుతుంటే సగంలో కరెంటు పోద్ది, లేదంటే నెట్ పోద్ది, మళ్ళీ మొదటికి వస్తాంది. ఇంకోటి, లాగిన్ అయ్యే ప్రోగ్రామ్ పుట్టీలో పాస్‌వర్డ్ కొడుతుంటే స్క్రీన్ మీద ఒక్క చుక్క కూడా పడట్లా, కీబోర్డ్ పనిచేస్తుందో లేదో కూడా అర్థం కాలా.

జవాబు: కీబోర్డ్‌కేం కాలేదు తమ్ముడూ. పుట్టీలో అంతే, పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు చుక్కలు కూడా చూపించదు, పక్కనోడు ఎన్ని అక్షరాలో లెక్క పెట్టుకోకుండా. కళ్ళు మూసుకుని కొట్టి ఎంటర్ నొక్కు. ఫస్ట్ టైమ్ వెళ్తే ఈ మెషీన్ ఫింగర్‌ప్రింట్ (దాన్ని గుర్తుపట్టే అక్షరాల వరస) ఇది, నమ్మమంటావా అని అడుగుద్ది, అకౌంట్ ఇచ్చినప్పుడు వచ్చిన మెయిల్‌లో గానీ వాళ్ళ యూజర్ గైడ్‌లో గానీ ఆ వరస ఉంటే సరిచూసుకుని ఎస్ అను. రేపెప్పుడైనా ఫింగర్‌ప్రింట్ మారిపోయిందని పెద్దగా వార్నింగ్ వస్తే మాత్రం ఊరికే ఎస్ కొట్టబాక, అడ్మిన్‌ని అడిగి తెలుసుకో. మెషీన్ మార్చి ఉండొచ్చు, మధ్యలో ఎవడన్నా దూరి కూడా ఉండొచ్చు.

ఇంక అసలు సంగతి. 60 జీబీ అంటే అప్‌లోడ్ స్పీడ్ 10 ఎంబీపీఎస్ ఆగకుండా వచ్చినా 13 గంటల పైమాట, ఫోన్ హాట్‌స్పాట్‌లో 2 ఎంబీపీఎస్సే వచ్చిందనుకో రెండున్నర రోజులు దాటిపోద్ది. మనం చూసుకునేది డౌన్‌లోడ్ స్పీడు, పంపేటప్పుడు పనికొచ్చేది అప్‌లోడ్ స్పీడు, చాలా కనెక్షన్లలో అది బాగా తక్కువ. అయినా నన్నడిగితే ఈ ఫైళ్లు కావలి రావాల్సిన పనే లేదు. కంపెనీ ఇచ్చిన లింకు ఇంకా బతికే ఉంటే, సూపర్ కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యి అక్కడి నుంచే డబ్ల్యుగెట్ అనే డౌన్‌లోడ్ కమాండ్‌తో లాగేయ్, హైఫన్ సీ పెడితే మధ్యలో తెగినా ఆగిన చోటు నుంచి అందుకుంటుంది. ముందు టీమక్స్ గానీ స్క్రీన్ గానీ (నువ్వు బయటికొచ్చినా పని నడిపించే ప్రోగ్రామ్‌లు) తెరిచి అందులో ఈ కమాండ్ పెట్టావంటే మీ ఊళ్ళో కరెంటు పోయినా అక్కడ పని నడుస్తానే ఉంటుంది. కొన్ని చోట్ల లోపలి నుంచి బయట ఇంటర్నెట్‌కి పోనివ్వరు, ఫైళ్లు మార్చుకోడానికని వేరే నోడ్ (మెషీన్) పెడతారు, అది ఉందేమో మెయిల్ పెట్టి కనుక్కో.

లింకు చచ్చిపోయిందంటే ఇంటి నుంచే పంపాల. విన్‌ఎస్‌సీపీలో లాగిన్ కిటికీ పైన ఫైల్ ప్రోటోకాల్ అని ఉంటుంది, అక్కడ ఎస్‌సీపీ ఎంచుకుని ఉంటావు, అందుకే మొదటికి వస్తాంది, ఎస్‌సీపీలో సగం నుంచి అందుకోడం కుదరదు. ఎస్‌ఎఫ్‌టీపీకి మార్చు. అప్పుడు పెద్ద ఫైలు వెళ్తున్నంతసేపూ అవతల పేరు చివర డాట్ ఫైల్‌పార్ట్ అని తోక కనపడద్ది, తెగినా ఆ తోక ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, మళ్ళీ పంపితే అక్కడి నుంచి కొనసాగుతుంది. పూర్తయ్యాక తోక పోతుంది. తోక చూసి ఇదేదో చెత్త ఫైలని డిలీట్ చేసేవాళ్ళున్నారు, నువ్వా పని చెయ్యబాక.

విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యుఎస్‌ఎల్ వేసుకుంటే ఆర్‌సింక్ అనే కాపీ కమాండ్ వాడొచ్చు, నాకైతే అదే ఇష్టం. హైఫన్ ఏ, దాని పక్కన పెద్ద పీ పెట్టు. పెద్ద పీ లేకపోతే సగం వచ్చిన ఫైలుని తీసిపారేస్తది. జిప్ చేసిన సీక్వెన్స్ ఫైళ్లకి మళ్ళీ జెడ్ పెట్టి కుదించబాక, తగ్గేదేం లేదు, టైమ్ దండగ. ఫోల్డర్ పేరు చివర స్లాష్ పెడితే లోపలున్నవి మాత్రమే పోతాయి, పెట్టకపోతే ఫోల్డర్‌తో సహా పోద్ది. అన్నీ చేరాక కంపెనీ ఇచ్చిన ఎండీ5 ఫైలుని (ఫైళ్లు చెడకుండా వచ్చాయో సరిచూసేది) కూడా అక్కడ పెట్టి ఎండీ5సమ్ హైఫన్ సీ కొట్టు, ప్రతి ఫైలు పక్కనా ఓకే రావాలి.

సూపర్ కంప్యూటర్‌లో హోమ్ అనే నీ సొంత ఫోల్డర్‌లో పెట్టబాక, అక్కడ కోటా రొంతే ఉంటుంది. స్క్రాచ్ అనే తాత్కాలిక జాగాలో పెట్టు, అయితే చాలా చోట్ల కొన్నాళ్ళు ముట్టుకోని ఫైళ్లని వాళ్ళే తుడిచేస్తారు, బ్యాకప్ కూడా ఉండదు. అందుకని ఇంటి కాపీ అట్టే ఉంచుకో.

ప్రశ్న: ఒంగోలు నుంచి రాస్తున్నానండీ. నోట్‌ప్యాడ్‌లో జాబ్ స్క్రిప్ట్ రాసి పంపితే, సూపర్ కంప్యూటర్‌లో జాబ్‌లని క్యూలో పెట్టే స్లర్మ్ డాస్ లైన్ బ్రేక్స్ అని తిట్టి తీసుకోవట్లేదు. కోపమొచ్చి ప్రోగ్రామ్‌ని లాగిన్ నోడ్‌లోనే నడిపిస్తే కాసేపటికి ఆపేసి, అడ్మిన్ మెయిల్ కూడా పెట్టారు. మా తప్పేంటండీ?

జవాబు: విండోస్‌లో లైను చివర కనపడని అక్షరం ఒకటి ఎక్కువ పడుతుందమ్మా, స్లర్మ్‌కి అది గిట్టదు. ఆ ఫైలు మీద డాస్2యూనిక్స్ కమాండ్ ఒక్కసారి కొడితే పోద్ది. ఇంక లాగిన్ నోడ్ సంగతి, అది అందరూ వచ్చిపోయే చోటు, ఫైళ్లు సర్దుకోడానికీ జాబ్ పంపడానికే. అక్కడ పెద్ద ప్రోగ్రామ్ నడపడమంటే ఆర్టీసీ బస్టాండ్‌లో ఎంక్వైరీ కౌంటర్ ముందు మంచం వేసుకుని పడుకున్నట్టే, లేపకుండా ఎందుకుంటారు? స్క్రిప్ట్‌ని ఎస్‌బ్యాచ్ కమాండ్‌తో పంపండి, క్యూలో మీ వంతు వచ్చినప్పుడు నడుస్తుంది. ఆ అడ్మిన్‌కి సారీ అని ఒక ముక్క రాయండి, రేపు కోటా పెంచమని అడగాల్సింది కూడా ఆయన్నే.

ప్రశ్న: మా ల్యాబ్‌లో నలుగురం ఒకే లాగిన్ వాడుకుంటున్నాం, ప్రైవేట్ కీ (పాస్‌వర్డ్ బదులు లాగిన్‌కి వాడే రహస్య ఫైలు) వాట్సాప్ గ్రూప్‌లో పెట్టుకున్నాం. ఏమన్నా ఇబ్బందా? (కందుకూరు)

జవాబు: ఇబ్బందే. ఆ కీ తీసేయించి కొత్తది చేసుకోండి, ఈసారి దానికి పాస్‌ఫ్రేజ్ (కీని తెరిచే పాస్‌వర్డ్) పెట్టండి. సర్వర్‌కి పోవాల్సింది దాని జత అయిన పబ్లిక్ కీ ఒక్కటే, ప్రైవేట్ కీ మీ ల్యాప్‌టాప్ దాటి యాడికీ పోకూడదు. మిగతా ముగ్గురికీ మీ గైడ్ చేత విడిగా అకౌంట్లు అడిగించండి, ఫైళ్లు కలిపి వాడుకోవాలంటే ప్రాజెక్ట్ ఫోల్డర్ ఒకటి ఇమ్మంటే ఇస్తారు.