ఎర్ర సిరా ఆగాలి

చిరంజీవికి ఆశీస్సులు.

వారానికి రెండు పీరియడ్లు పిల్లలకు రచన నేర్పబోతున్నావు, పాఠం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. పాఠంతో మొదలుపెట్టకు. మొదటి పది నిమిషాలు వాళ్ళను రాయనివ్వు, నువ్వూ వాళ్ళ ఎదురుగా కూర్చుని రాయి. నీ కొట్టివేతలు వాళ్ళ కంట పడాలి. అచ్చయిన పుస్తకాలే చూసిన పిల్లలు, రాసేవాళ్ళకు మొదటిసారే అన్నీ కుదురుతాయనుకుంటారు.

విషయం చిన్నదివ్వు. 'వర్షాకాలం' అంటే అందరూ గైడులోని వ్యాసమే దింపుతారు. 'తడిసిన బూట్లు ఎక్కడ దాచావు?' అని అడిగి చూడు.

నోటుబుక్కులో వరస విడిచి వరస రాయమను. రెండో పీరియడ్లో దిద్దుకోవడానికి ఆ ఖాళీ కావాలి. రబ్బరు వద్దు. చెరిపేస్తే తన మనసు ఎక్కడ మారిందో ఆ పిల్లకే తెలియకుండా పోతుంది. కింది మాట కనబడేలా ఒక్క గీత చాలు.

రాసినదాని గురించి ఆలోచింపజేయడంలోనే చాలామంది తడబడతారు. 'నీ రచన నీకు నచ్చిందా?' అంటే 'నచ్చింది టీచర్' అంటారు, అయిపోతుంది. 'ఇంకా బాగా రాయాలి' అన్నా అంతే, మనం మెచ్చుకుంటామని అనే మాట అది. కాగితం మీద వేలు పెట్టి అడుగు: 'ఇక్కడ "కుక్క" కొట్టేసి "మా రాజు" అన్నావు, ఎందుకు? ఎక్కడ ఆగిపోయావు? మళ్ళీ ఎలా కదిలావు?' జవాబు పేజీ అడుగున రెండు వాక్యాల్లో, తేదీ వేసి, దిద్దుకున్న రోజే రాయాలి. వారం ఆగితే అసలు కారణం మరిచిపోయి కొత్తది కల్పిస్తారు. నెలకోసారి ఆ వాక్యాలన్నీ తిరగేసి, తాము మళ్ళీ మళ్ళీ చేసే మార్పు ఏదో వాళ్ళనే పట్టుకోమను.

ఈ మాటలు పిల్ల బల్ల దగ్గరే సాగాలి, మనిషికి మూడు నిమిషాలు. 1980ల్లో అమెరికాలో, పిల్లల రచన మీద పరిశోధన చేసిన డొనాల్డ్ గ్రేవ్స్ బాగా ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. కలం మాత్రం నీ చేతిలోకి తీసుకోకు. నోటితో చెప్పిన వాక్యం చాలాసార్లు రాసినదానికంటే బాగుంటుంది. 'ఇప్పుడన్నావే, అదే రాయి' అను. ఒక పీరియడ్లో ఆరుగురికి మించి కుదరదు. తక్కినవాళ్ళు జతలుగా చదివి వినిపించుకోవాలి. వినేవాళ్ళు రెండే చెప్పాలి: ఏది గుర్తుండిపోయింది, ఇంకా ఏం తెలుసుకోవాలనిపించింది. 'బాగుంది' అనే మాట ఆ గంటకు నిషేధం.

వత్తులూ దీర్ఘాలూ చివరి ప్రతిలో చూడు, అదీ ఒక్కసారికి ఒకే రకం తప్పు. ముందే ఎర్ర సిరా పడిందా, పిల్లలు తమకు తప్పు లేకుండా రాయడం వచ్చిన మాటల్లోనే సర్దుకుంటారు. 'ఉక్రోషం' రావలసిన చోట 'కోపం' వస్తుంది. పేజీ శుభ్రంగా ఉంటుంది కనుక, నీకది ఎదుగుదలలా కనిపిస్తుంది.

అడుగున రాసే ఆ రెండు వాక్యాలకు మార్కులు వేయకు. వేశావంటే నీకు నచ్చే పశ్చాత్తాపం వండి వడ్డిస్తారు.

నెల తిరిగాక, బాగా కొట్టివేతలున్న పేజీలు రెండు, పిల్లల పేర్లు తీసేసి నాకు పంపు.

ఉంటాను.